వ్యవసాయ ఎగుమతులు – ఆర్థికవృద్ధి: గోదావరి డెల్టా అనుభవంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వర్ధమాన దేశాలలో వ్యవసాయ ఎగుమతులు ఆర్థికవృద్ధికి దోహదం చేస్తాయా అన్న ప్రశ్న అర్థశాస్త్రంలో పాతది. ఎగుమతి గణాంకాలకూ స్థూల దేశీయోత్పత్తికీ మధ్య సంబంధాన్ని నిరూపించే ప్రయత్నాలు అనేకం జరిగాయి. అయితే ఆ సంబంధం ఒక నిర్దిష్ట ప్రాంతంలో ఏయే మార్గాల గుండా పనిచేస్తుంది, ఎక్కడ తెగిపోతుంది అన్న పరిశీలన తక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట కాలం నుంచి నేటి రొయ్యల వాణిజ్యం వరకు గోదావరి డెల్టా ఎగుమతి చరిత్రను ఆధారం చేసుకొని, ఎగుమతి లాభనష్టాల పంపిణీలో కౌలు వ్యవస్థ నిర్వహించే పాత్రను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: వ్యవసాయ ఎగుమతులు, ఆర్థికవృద్ధి, గోదావరి డెల్టా, వరి, రొయ్యల సాగు, కౌలు, కాకినాడ రేవు, అనుసంధానాలు.

1. ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరం నుంచి దిగువకు గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రంలో కలిసేంత వరకు ఉన్న నేల సుమారు నూట డెబ్బై ఏళ్లుగా ఇతర ప్రాంతాలకు తిండిగింజలు పంపుతూ వచ్చింది. ధవళేశ్వరం వద్ద మళ్లించిన నీటితో పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు సాగవుతున్నది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండే భూములు, కాకినాడ రేవు, నరసాపురం, భీమవరం ప్రాంతాల చెరువులు, వాటి వెనుక రైసు మిల్లులు, రొయ్యల శుద్ధి కర్మాగారాలు – ఇవన్నీ కలిసి ఈ ప్రాంతాన్ని 'ఎగుమతి వ్యవసాయం' అనే భావనకు ఒక సహజ ప్రయోగశాలగా నిలుపుతున్నాయి.

అయితే ఈ డెల్టాలోనే 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీరు ఉండి, నేల ఉండి, పండించిన ధాన్యానికి ప్రపంచంలో గిరాకీ ఉండి కూడా వేల ఎకరాలను బీడుగా వదిలివేశారు. ఎగుమతులు పెరిగితే వృద్ధి కలుగుతుందనే సూత్రం సరైనదైతే ఈ పరిణామం ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ముందు ఆ సూత్రం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో గుర్తించాలి.

2. సిద్ధాంత నేపథ్యం

ఎగుమతుల గురించి అర్థశాస్త్రవేత్తల అభిప్రాయాలు మొదటి నుంచీ రెండు పాయలుగా ఉన్నాయి. 1950లో రౌల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ వేర్వేరుగా ప్రతిపాదించిన వాదం ప్రకారం ముడి సరుకుల ధరలు పారిశ్రామిక వస్తువుల ధరలతో పోలిస్తే దీర్ఘకాలంలో పడిపోతుంటాయి. కాబట్టి వ్యవసాయ ఎగుమతులపై ఆధారపడిన దేశం ఏటా ఎక్కువ సరుకు పంపి తక్కువ వస్తువులు తెచ్చుకుంటుంది. 1958లో జగదీశ్ భగవతి దీనికి ఒక తీవ్రరూపాన్ని చూపించారు. ఒక దేశం ఎగుమతి సామర్థ్యం పెరగడమే ప్రపంచ ధరను పడగొట్టి, ఆ దేశాన్ని మునుపటికంటే పేదగా మార్చగల పరిస్థితి అది. ఇందుకు భిన్నంగా బేలా బలాస్సా 1978లోనూ, గెర్షన్ ఫెడర్ 1983లోనూ ఎగుమతి రంగం మిగిలిన ఆర్థికవ్యవస్థకు సామర్థ్యాన్ని పంచుతుందని, అందువల్ల ఎగుమతులు వృద్ధికి కారకమని వాదించారు.

ఈ రెండో పాయకు ఒక చిక్కు ఉంది. ఎగుమతులు స్థూల దేశీయోత్పత్తిలో ఒక భాగం. భాగం పెరిగినప్పుడు మొత్తం పెరగడం లెక్కల ధర్మమే కాని కార్యకారణ సంబంధం కాదు. ఈ చిక్కును దాటడానికే జంగ్, మార్షల్ 1985లో గ్రాంజర్ కారణత్వ పరీక్షను ఉపయోగించారు. వారు పరిశీలించిన వర్ధమాన దేశాలలో ఎగుమతులు వృద్ధికి దారితీశాయన్న వాదానికి ఆధారం కొద్ది దేశాలలోనే లభించింది.

ప్రత్యేకంగా వ్యవసాయ ఎగుమతుల విషయంలో సాన్‌హువాన్-లోపెజ్, డాసన్ 2010లో ప్రచురించిన పరిశోధన తరచుగా ఉదహరింపబడుతుంది. 42 వర్ధమాన దేశాల సమాచారంతో వారు చేసిన అంచనాలో వ్యవసాయ ఎగుమతులకు స్థూల దేశీయోత్పత్తి వ్యాకోచత్వం 0.07, వ్యవసాయేతర ఎగుమతులకు 0.13. అంటే వ్యవసాయ ఎగుమతులు 10 శాతం పెరిగితే ఉత్పత్తి 0.7 శాతం, ఇతర ఎగుమతులు 10 శాతం పెరిగితే 1.3 శాతం పెరుగుతుందని అర్థం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి వ్యవసాయ ఎగుమతి సగం మాత్రమే ఫలవంతమని తేల్చడం తెలుగులో వెలువడే సిద్ధాంత గ్రంథాలలో కూడా కనిపించగల పొరపాటు. వ్యాకోచత్వం శాతాల లెక్క. ఒక దేశ మొత్తం ఎగుమతులలో వ్యవసాయ వాటా నాలుగో వంతే అయితే, అదనంగా ఎగుమతి చేసిన ప్రతి రూపాయికీ లభించే ఫలితం వ్యవసాయంలోనే ఎక్కువ కావచ్చు. వాటా తెలియకుండా వ్యాకోచత్వాలను పోల్చరాదు.

గోదావరి డెల్టాకు మరింత సన్నిహితమైన సిద్ధాంతం బర్మా దేశానికి చెందిన అర్థశాస్త్రవేత్త హ్లా మియింట్ 1958లో చర్చించిన 'మిగులుకు దారి' అనే భావన. వాడుకలో లేని భూమి, శ్రమ ఉన్న దేశానికి విదేశీ విపణి తెరుచుకున్నప్పుడు, ఉన్న పంటను వదులుకోకుండానే అదనపు పంటను పండించి ఎగుమతి చేయవచ్చునని ఇది చెబుతుంది. ఐరావతి డెల్టాలో అడవి నరికి వరి పండించిన చరిత్ర ఈ భావనకు మూలాధారాలలో ఒకటి. ఐరావతి, గోదావరి డెల్టాల మధ్య ఉన్న బంధం కేవలం పోలిక కాదని తరువాతి విభాగంలో తెలుస్తుంది. ఎగుమతి రంగం తన వెనుక, ముందు ఏయే పరిశ్రమలను పుట్టిస్తుందో కొలవడానికి అదే 1958లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 'అనుసంధానాలు' అనే భావనను అందించారు. ఈ వ్యాసంలో ఈ రెండు భావనలూ ప్రధాన సాధనాలు.

3. బట్ట నుంచి బియ్యానికి

గోదావరి డెల్టా మొదట ఎగుమతి చేసింది పంటను కాదు, బట్టను. యానాం సమీపంలోని ఇంజరం, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరాలు. మాధవాయపాలెం పేరు 'మదపొల్లం' అనే ఒక రకం నూలు బట్ట పేరుగా ఇంగ్లీషు నిఘంటువులలోకి ఎక్కింది. లాంకషైర్ మరమగ్గాల పోటీలో ఈ వాణిజ్యం పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాలలో క్షీణించి, 1830ల నాటికి కంపెనీ వస్త్ర కొనుగోళ్లు నిలిచిపోయాయి. అదే దశాబ్దం ఆరంభంలో నందననామ సంవత్సర కరువు వచ్చింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7.38 లక్షలు ఉండగా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఎగుమతి చేతిపని పోయి, వర్షాధారపు సేద్యం మిగిలిన ప్రాంతం ఒక్క కరువుకు ఎంతగా కుంగిపోతుందో ఈ రెండు అంకెలు చూపుతాయి. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును ధ్వంసం చేయడంతో సముద్ర వాణిజ్యం కూడా దెబ్బతిన్నది.

ఈ నేపథ్యంలోనే 1844లో హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా స్థితిపై నివేదిక సమర్పించడం, ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన చేయడం, 1847లో ఆరంభమైన నిర్మాణం 1852లో పూర్తికావడం జరిగాయి. కాటన్ దృష్టిలో కాలువ నీటిపారుదలకు మాత్రమే కాదు, పడవ రవాణాకు కూడా. లాకులతో నిర్మించిన కాలువల ద్వారా ధాన్యం పడవలు రాజమండ్రి నుంచి కాకినాడ, నరసాపురం వరకు సాగాయి. పూడిపోతున్న కోరంగి స్థానాన్ని కాకినాడ ఆక్రమించింది. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861–65 మధ్య లాంకషైర్‌కు పత్తి కరువైనప్పుడు లోపలి జిల్లాల పత్తి కాకినాడ మీదుగా తరలింది. 'కోకనాడ' అనేది పత్తి వర్తకంలో ఒక రకం పేరుగా స్థిరపడింది. లంక భూముల పొగాకుతో చుట్టిన చుట్టలు ఇంగ్లండుకు చేరి, 1890లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ నవలలో 'లంకా' అన్న పేరుతోనే ప్రస్తావనకు వచ్చాయి. ఒక డెల్టా సరుకుకు విదేశంలో అలా పేరు వచ్చింది. ఈనాటి రొయ్యకూ, బియ్యానికీ ఆ గుర్తింపు లేదు.

ఇక్కడ కార్యకారణ క్రమం గమనార్హం. మియింట్ సిద్ధాంతం ప్రకారం భూమి, శ్రమ ముందే ఖాళీగా ఉండాలి. విపణి వచ్చి వాటిని మేల్కొలపాలి. గోదావరి డెల్టాలో అలా జరగలేదు. కోరంగిలో ఓడలు అంతకు ముందూ ఆగాయి, కాని పంపడానికి మిగులు లేదు. మిగులును సృష్టించింది నీరు. ఆ నీటిని తెచ్చింది ప్రభుత్వ పెట్టుబడి. ఆనకట్ట ఉత్పత్తిని పెంచింది, ఆ ఉత్పత్తే ఎగుమతినీ పెంచింది. ఇటువంటి సందర్భంలో ఎగుమతి, ఉత్పత్తి గణాంకాలను మాత్రమే పరీక్షించే పరిశోధకుడికి ఎగుమతి కారకంగా కనిపించవచ్చు. నిజమైన కారకం ఆ సమీకరణంలో లేని మూడో చలరాశి. అభివృద్ధిలో వ్యవసాయ పాత్రపై జాన్‌స్టన్, మెల్లర్ 1961లో రాసిన వ్యాసం ఎగుమతి ద్వారా విదేశీ మారకం సంపాదించడాన్ని వ్యవసాయం చేసే ఐదు సేవలలో ఒకటిగానే లెక్కించడం ఈ దృష్ట్యా సమంజసం.

4. రెండు డెల్టాల మధ్య

1900లో రాజమండ్రి వద్ద హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు తిరగడం మొదలయ్యాక డెల్టా ధాన్యానికి మద్రాసు, కలకత్తా రెండు దిక్కులూ తెరుచుకున్నాయి. అదే కాలంలో కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాది కూలీలు రంగూన్‌కు వెళ్లారు. బర్మాలో తెలుగువారికి వాడుకపేరుగా మిగిలిన 'కోరంగీలు' అన్న మాట ఈ వలసకు సాక్ష్యం. వారిలో చాలామంది రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశారు. ఆ బియ్యంలో కొంత మద్రాసు రాష్ట్రానికే దిగుమతి అయింది. 1930ల ఆర్థికమాంద్యంలో ధరలు కుప్పకూలినప్పుడు చౌక బర్మా బియ్యం, సయాం నూకలు గోదావరి ధాన్యం ధరను ఇంకా కిందకు నెట్టాయి. గోదావరి జిల్లాల నుంచి పోయిన కూలీ రంగూన్‌లో ఓడకెక్కించిన బస్తా, అతని సొంత ఊరి రైతు ధరను తగ్గించింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె సందర్భంగా చెలరేగిన హింసాకాండ ఆ వలసకు ముగింపు ఆరంభం. నూకలపై 1935లో దిగుమతి సుంకం విధించడం రైతుల ఒత్తిడికి ప్రభుత్వం ఇచ్చిన పరిమితమైన స్పందన.

అయితే మంచి ధర పలికిన దశాబ్దాలలో డెల్టాలో పోగైన మిగులు వ్యర్థం కాలేదు. కరోల్ ఉపాధ్య 1988లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రచురించిన వ్యాసంలో కోస్తా ఆంధ్ర 'రైతు పెట్టుబడిదారుల' ఎదుగుదలను వివరించారు. వరి, చెరకు, పొగాకు మిగులు మిల్లులలోకి, వడ్డీ వ్యాపారంలోకి, సినిమాలలోకి, చదువులలోకి, ఆపైన హైదరాబాదు పరిశ్రమలలోకి ప్రవహించింది. తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ నెలకొనడం, అదే ఏడు రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడడం ఈ దశకు గుర్తులు. హిర్ష్‌మన్ పరిభాషలో ముందు అనుసంధానాలు బలంగా ఏర్పడ్డాయి. కాని ఆ మిగులు భూయజమాని చేతికి అందిన మేరకే పెట్టుబడిగా మారింది. దున్నేవాడు యజమాని కానిచోట ఏమైందన్నది వేరే ప్రశ్న.

5. బియ్యం: తెరుచుకునే, మూసుకునే తలుపు

స్వాతంత్ర్యానంతరం చాలాకాలం గోదావరి బియ్యానికి 'ఎగుమతి' అంటే పొరుగు రాష్ట్రమే. 1957లో ఏర్పడిన దక్షిణ ఆహార మండలంలో కేరళ, మద్రాసులకు బియ్యం సమకూర్చే బాధ్యత ప్రధానంగా ఆంధ్రది. బొండాలుగా పిలిచే లావు రకాల ఉప్పుడు బియ్యానికి కేరళ ఇప్పటికీ ముఖ్యమైన విపణి. విదేశీ ఎగుమతి పెద్ద ఎత్తున విస్తరించినది ఇటీవలి దశాబ్దాలలోనే. 2022–23లో భారతదేశం 177.9 లక్షల టన్నుల బాస్మతీయేతర బియ్యాన్ని సుమారు 636 కోట్ల డాలర్లకు ఎగుమతి చేసింది. సగటున టన్నుకు 357 డాలర్లు. ప్రపంచ బియ్యం వాణిజ్యంలో సుమారు 40 శాతం భారత్‌దే. పశ్చిమాఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యానికి కాకినాడ ప్రధాన రేవు. యాంకరేజి రేవులో బార్జీల ద్వారా ఓడకెక్కించే పద్ధతి గిరాకీకి చాలక, 2021 ఫిబ్రవరిలో లోతునీటి రేవును కూడా బియ్యానికి తెరవవలసి వచ్చింది.

ఈ వాణిజ్యం మీద విధాన నిర్ణయాల ప్రభావం తీవ్రమైనది. 2007 అక్టోబరులో బాస్మతీయేతర బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. 2008లో ప్రపంచ ధర టన్నుకు వెయ్యి డాలర్లు దాటింది. నిషేధం 2011 సెప్టెంబరు వరకు కొనసాగింది. కోనసీమ పంట విరామం ఆ నిషేధపు చివరి నెలలలో వచ్చింది. పెట్టుబడి ఖర్చు కూడా రావడం లేదన్నదీ, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయన్నదీ రైతుల ప్రధాన ఫిర్యాదులు. ప్రభుత్వం మోహన్ కందా నేతృత్వంలో కమిటీని నియమించింది. పంట విరామానికి ఎగుమతి నిషేధాన్ని ఏకైక కారణంగా చూపడం తొందరపాటే. కూలి ఖర్చు, మురుగునీటి సమస్య నిషేధం లేకున్నా ఉండేవి. కాని ప్రపంచ ధర వెయ్యి డాలర్లు పలికిన కాలంలో ఆ ధరలో వీసమైనా అందని రైతుకు, ఆ తరువాత ఖర్చులు పెరిగినప్పుడు తట్టుకునే నిల్వ లేకపోయింది.

2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి నిషేధం, తెల్లబియ్యంపై 20 శాతం సుంకం. 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్లబియ్యంపై నిషేధం. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం. 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో నిషేధం ఎత్తివేత. అక్టోబరులో ఆ కనీస ధర కూడా రద్దు. రెండేళ్లలో ఇన్ని మార్పులు. 2023–24లో బాస్మతీయేతర ఎగుమతి 111 లక్షల టన్నులకు పడిపోయింది. వినియోగదారుడిని కాపాడడం ప్రభుత్వ ధర్మమే. కాని విధానం ఎగుమతి సుంకం రూపంలో ఉంటే ఆ భారం ధరలో కనబడుతుంది, ఖజానాకు ఆదాయంగా చేరుతుంది, అవసరమైతే రైతుకు తిరిగి ఇవ్వవచ్చు. నిషేధం రూపంలో ఉంటే భారం మిల్లరు నుంచి కమీషను వ్యాపారికీ, అతని నుంచి రైతుకూ జారిపోతుంది తప్ప ఎక్కడా లెక్కకెక్కదు.

సాధారణ రకం ధాన్యానికి 2024–25 మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. డెల్టాలో లావాదేవీ జరిగే 75 కిలోల బస్తాకు లెక్కిస్తే 1,725 రూపాయలు. తేమ శాతం పేరుతో, రవాణా పేరుతో ఈ మొత్తంలో కోతలు పడడం కోతకాలంలో మామూలు. మద్దతు ధర కాగితం మీద నేల. ఎగుమతి గిరాకీ ఉన్నప్పుడు మాత్రమే అది నిజంగా నేలలా నిలుస్తుంది, ఎందుకంటే అప్పుడు కొనేవాడు ప్రభుత్వం ఒక్కటే కాదు. ఎగుమతి వల్ల డెల్టా రైతుకు కలిగే ముఖ్య ప్రయోజనం అధిక ధర కాదు, రెండో కొనుగోలుదారు ఉండడం.

కాకినాడ గణాంకాలను ఉపయోగించే పరిశోధకులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రేవులో నమోదయ్యే బియ్యంలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినదీ ఉంటుంది. డెల్టా రొయ్యలు విశాఖపట్నం, చెన్నై రేవులలో నమోదు కావచ్చు. రేవు లెక్కను జిల్లా లెక్కగా భావించి ప్రతిగమన సమీకరణాలలో పెడితే ఫలితం అర్థరహితం. చౌకధరల దుకాణాల బియ్యం తిరిగి రేవుకు చేరుతున్నదన్న ఆరోపణలు, 2024 నవంబరులో కాకినాడ వద్ద ఒక ఓడ విషయంలో చెలరేగిన వివాదం ఈ జాగ్రత్తను మరింత అవసరం చేస్తున్నాయి. ఒకే బియ్యం ఒకసారి సబ్సిడీగా, మరోసారి ఎగుమతిగా లెక్కకు వస్తే జాతీయ గణాంకంలో అది వృద్ధిగానే కనిపిస్తుంది. మరోవైపు డెల్టా చేసిన అతి పెద్ద 'ఎగుమతి' ఏ గణాంకంలోనూ లేదు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 (స్వర్ణ) రకం తూర్పు భారతమంతటా, బంగ్లాదేశ్‌లోనూ లక్షల ఎకరాలలో పాకింది.

6. రొయ్య: విలువ ఎక్కువ, నిలకడ తక్కువ

2024–25లో భారతదేశం 16.98 లక్షల టన్నుల సముద్రోత్పత్తులను 62,408 కోట్ల రూపాయలకు ఎగుమతి చేసింది. ఇందులో శీతలీకరించిన రొయ్యలే 7.41 లక్షల టన్నులు, 43,334 కోట్ల రూపాయలు. అంటే శుద్ధి చేసిన కిలోకు సగటున సుమారు 584 రూపాయలు. దేశంలో సాగయ్యే రొయ్యలలో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్ చెరువులదే. వాటిలో ఉమ్మడి గోదావరి జిల్లాల స్థానం ప్రధానమైనది.

ఈ సాగు చరిత్ర ఒడుదొడుకులమయం. 1990ల ఆరంభంలో టైగర్ రొయ్య సాగు విజృంభించింది. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి చెరువులను ఖాళీ చేసింది. 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కఠిన ఆంక్షలు విధించింది. తరువాత 2005లో తీరప్రాంత జలసేద్య ప్రాధికార చట్టం వచ్చింది. 2009లో వనామీ రకానికి అనుమతి లభించడంతో రెండో విజృంభణ మొదలైంది.

అనుసంధానాల దృష్టితో చూస్తే రొయ్య వరికంటే ఎంతో ముందుంది. ఉప్పాడ తీరం వెంట హేచరీలు, మేత కర్మాగారాలు, ఐసు ఫ్యాక్టరీలు, ఏరియేటర్ల తయారీ, పరీక్షా కేంద్రాలు, శుద్ధి కర్మాగారాలలో వేలాది మహిళల ఉపాధి – వెనుక, ముందు రెండు వైపులా గొలుసు ఉంది. అదే సమయంలో ఈ గొలుసు మొదటి కొక్కెం విదేశాలలోనే ఉంది. వ్యాధిరహిత తల్లి రొయ్యలు ప్రధానంగా అమెరికా నుంచి దిగుమతి అయి, చెన్నైలో క్వారంటైన్ ముగించుకొని హేచరీలకు చేరతాయి. చివరి కొక్కెం కూడా అక్కడే. 2024–25లో పరిమాణం రీత్యా రొయ్యల ఎగుమతిలో సుమారు 42 శాతం అమెరికాకే వెళ్లింది.

ఒకే కొనుగోలుదారుపై ఇంతగా ఆధారపడడం ఎంత ప్రమాదమో 2025 చూపించింది. అప్పటికే డంపింగ్ వ్యతిరేక సుంకం, 2024లో నిర్ణయించిన 5.77 శాతం ప్రతిసమతుల్య సుంకం ఉండగా, 2025 ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27న మరో 25 శాతం అమెరికా విధించింది. మొత్తం భారం 58 శాతం దరిదాపులకు చేరింది. పోటీదారు ఈక్వెడార్‌పై సుంకం అప్పట్లో ఇందులో మూడో వంతు కూడా లేదు. సుంకం ప్రకటన వెలువడగానే భీమవరం, అమలాపురం ప్రాంతాలలో కొనుగోలు ధరలు తగ్గాయి. ఓడ బయలుదేరకముందే, సుంకం అమలులోకి రాకముందే చెరువు గట్టు మీద ధర పడిపోవడం గమనించదగినది. ధర పెరిగినప్పుడు ఆ వేగం కనిపించదు. ఐరోపా సమాఖ్య నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా 2016లో భారత రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచినప్పుడు కూడా పరీక్షల ఖర్చు, తిరస్కరణ భయం చివరికి కౌంటు ధరలోనే సర్దుబాటయ్యాయి.

వృద్ధి గణాంకంలో రాని ఖర్చులు వేరే ఉన్నాయి. చెరువుగా మారిన పొలం పక్కనున్న వరిచేను ఉప్పుదేరుతుంది. అది కూడా క్రమంగా చెరువుగా మారక తప్పదు. తాగునీటి బావులు పాడవుతాయి. భీమవరం సమీపంలోని తుందుర్రులో ఆక్వా ఆహార పార్కుకు వ్యతిరేకంగా 2016 ప్రాంతంలో తీవ్రంగా సాగిన ఆందోళన మూలం ఈ జలాల భయమే. ఎగుమతి విలువలో ఈ నష్టాన్ని తీసివేసి లెక్కించే పద్ధతి జిల్లా స్థాయిలో ఇంతవరకు స్థిరపడలేదు.

7. కౌలు: లెక్కలో లేని చలరాశి

గోదావరి డెల్టాలో సాగుభూమిలో అధికభాగం కౌలుదారుల చేతిలో ఉంది. ఎగుమతి ఫలితం ఎవరికి చేరుతుందో నిర్ణయించేది ప్రధానంగా ఈ ఒప్పందపు స్వరూపం. వరిలో కౌలు సాధారణంగా ఎకరాకు ఇన్ని బస్తాలని స్థిరంగా ఉంటుంది. పంట పోయినా, పండినా ఆ బస్తాలు ఇవ్వాలి. రొయ్యల చెరువులలో కౌలు నగదు రూపంలో, తరచు ముందుగానే చెల్లించాలి.

ఈ రెండు పద్ధతుల పర్యవసానం ఒకటి కాదు. వరి కౌలు బస్తాలలో ఉన్నందున ధర పడితే యజమాని కూడా తన వాటా మేరకు నష్టపోతాడు. దిగుబడి పడితే మాత్రం మొత్తం నష్టం కౌలుదారుదే. చెరువు కౌలు నగదు కాబట్టి ధర నష్టం, వ్యాధి నష్టం రెండూ పూర్తిగా కౌలుదారుకే. ఇక ధర పెరిగిన సంవత్సరం సంగతి. ఆ సీజనులో లాభం కౌలుదారుకు వస్తుంది. మరుసటి ఏడు ఒప్పందం మాట్లాడుకునేటప్పుడు ఆ లాభాన్ని చూసి కౌలు పెరుగుతుంది. భూమి పరిమితం, చెరువు కోసం పోటీ పడేవారు అనేకులు కావడంతో పెరిగిన ధరలోని సింహభాగం అద్దెగా మారడం రికార్డో కాలం నుంచీ తెలిసిన సూత్రమే. ఆపైన ధర పడితే కౌలు వెంటనే దిగిరాదు, ఎందుకంటే అది అప్పటికే చెల్లించి ఉంటుంది. ఎగుమతి లాభం రెండు మూడు సీజన్లలో యజమానికి చేరుతుంది, ఎగుమతి నష్టం మాత్రం ఆ సీజనులోనే కౌలుదారుపై పడుతుంది. 2025 ఆగస్టులో ముందుగా కౌలు చెల్లించి, మేతను అరువుకు తెచ్చి పిల్ల వదిలినవారు సరిగ్గా ఈ స్థితిలోనే చిక్కుకున్నారు. అరువిచ్చిన మేత డీలరే పలుచోట్ల రొయ్య కొనుగోలుకు మధ్యవర్తి కూడా కావడం బేరమాడే అవకాశాన్ని మరింత కుదిస్తుంది.

డెల్టా మిగులు పెట్టుబడిగా మారి పరిశ్రమలను, నగరాలను నిర్మించిందన్న చరిత్ర, పంట విరామం ప్రకటించిన చరిత్ర – రెండూ నిజం కావడానికి కారణం ఇదే. మొదటిది అద్దె అందుకున్నవారి కథ, రెండోది అద్దె చెల్లించినవారి కథ. జాతీయ స్థాయి వ్యాకోచత్వం ఈ రెండింటి సగటు.

విధానపరంగా ఇందుకు చేసిన ప్రయత్నాలు రెండు. 2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కాలానికి సాగు హక్కు పత్రాన్ని ప్రవేశపెట్టింది. ఈ రెండో చట్టంలో పత్రం పొందడానికి యజమాని అంగీకారం అవసరం. సంతకం చేస్తే భూమిపై హక్కు పోతుందన్న భయంతో యజమానులు వెనుకాడుతున్నారు. ఫలితంగా బ్యాంకు రుణం, పంట బీమా, నష్టపరిహారం తరచు పట్టాదారు పేరుమీదే మంజూరవుతున్నాయి. ఎగుమతి నిషేధం వల్లో, విదేశీ సుంకం వల్లో నష్టపోయినవారికి సహాయం ప్రకటించినా అది చేరవలసిన చిరునామా ప్రభుత్వ దస్త్రాలలో లేదు.

పరిశోధనకు కూడా అడ్డంకి ఇక్కడే ఉంది. రేవు నుంచి బయలుదేరిన ప్రతి టన్నుకూ షిప్పింగ్ బిల్లు ఉంది, మిల్లులో ఆడిన ధాన్యానికి లెక్క ఉంది, చెరువులకు నమోదు సంఖ్య ఉంది. వాటన్నిటికీ ఆధారమైన కౌలు ఒప్పందం మాత్రం అత్యధిక సందర్భాలలో నోటిమాటగానే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఒక్కొక్క కాలువ ఆయకట్టు నుంచి కొన్ని గ్రామాలను ఎంచుకొని, వరుసగా ఆరేడు సీజన్లపాటు కౌలు రేట్లు, కౌంటు ధరలు, ధాన్యం గట్టు ధరలు పక్కపక్కన నమోదు చేస్తే, ఎగుమతి ధరలో వచ్చిన మార్పు ఎన్ని నెలలలో, ఎంత మేరకు కౌలుగా మారుతున్నదో కొలవవచ్చు. విశ్వవిద్యాలయాల అర్థశాస్త్ర శాఖలకు ఇది పెద్ద నిధులు అవసరం లేని పని. 2022 నుంచి 2025 వరకు నిషేధాలు, సుంకాలు తేదీలతో సహా తెలిసి ఉండడం వల్ల ముందు, తరువాత పోల్చి చూడడానికి ఇంతకంటే అనువైన కాలం దొరకడం అరుదు.